అత్తగారు చెరిపిన గీతలు

"కాల్చినవాడివి కాల్చినట్టు ఒప్పుకో బావా! లేకపోతే ఇవాళ నీ మొహానికే ఇస్త్రీ చేసి పెడతాను!"

ఇస్త్రీ బల్ల మీద తెల్లచొక్కా వెల్లకిలా పడి కాళ్ళు కొట్టుకుంటున్నాడు. అతని గొంతు మీద బావమరిది మోచెయ్యి ఉంది. బావమరిది రెండో చేతిలో ఆవిరి ఇస్త్రీ పెట్టె బుస్సుమంటోంది. పనివాళ్ళు తడి దుప్పట్లు గుండెలకు హత్తుకుని గోడవారగా నిలబడిపోయారు. అడ్డం వెళ్ళడానికి ఒక్కరికీ కాళ్ళు రాలేదు.

తెల్లచొక్కా అనేది వీధి పెట్టిన పేరు. లాండ్రీకి యజమాని అతను. ఎదురుగా వచ్చే మనిషి మొహం కన్నా ముందు ఆ మనిషి చొక్కా మీద మరకను చూస్తాడు. ఇప్పుడు అతని చొక్కాకు గుండీల్లేవు, పెదవి చిట్లి కారిన నెత్తురు కాలరంతా పాకింది. బావమరిది బస్సు డ్రైవరు. గుసగుసలాడినా నాలుగిళ్ళకు వినిపిస్తుంది కాబట్టి వాణ్ణి చిన్నప్పటినుంచీ అందరూ హారన్ అనే పిలుస్తారు.

"నేను కాల్చలేదురా! నా పెళ్ళాన్ని నేనెందుకు కాల్చుకుంటాను?"

"మరి ఆ పొట్ట మీద ఏంటది? ఆసుపత్రికి తీసుకెళ్దామని వస్తే అక్క మంచం మీద ముడుచుకుని మూలుగుతోంది. ఏమైందక్కా అంటే మాట్లాడదు. దుప్పటి తీస్తే తోలు ఊడొచ్చి ఉంది! క్యాన్సరు ఒక్కటి చాలదని నువ్వూ దాపురించావా?"

ఇస్త్రీ పెట్టె ఇంకాస్త కిందికి దిగింది. ఆవిరి చెంపకు తగిలి తెల్లచొక్కా గావుకేక పెట్టాడు.

"కింద పెట్టరా దాన్ని."

గుమ్మంలో గువ్వ నిలబడి ఉంది. ఒక చెయ్యి గోడకు ఆనించి, రెండో చేత్తో పొట్టకు తగలకుండా బట్టను ఎత్తి పట్టుకుంది. గువ్వ ముద్దుపేరు, పుట్టింటినుంచి ఆమెతోపాటే వచ్చింది. గర్భసంచి ముఖద్వారానికి క్యాన్సరొచ్చి, రేడియేషను కరెంటు పెట్టించుకోవడం మొదలయ్యాక మనిషి సగమైపోయింది. గొంతు మాత్రం తగ్గలేదు.

"ఆయన కాదు."

"ఆయన కాకపోతే ఎవరు? నీ అంతట నువ్వే కాల్చుకున్నావా?"

ఆ ఇంట్లో కొన్ని ప్రశ్నలకు జవాబు చెప్పకపోవడమే మర్యాద. మర్యాద వల్ల ఎంతమంది చచ్చారో ఎవరూ లెక్క పెట్టరు.

"నేనే," అంది ఒక గొంతు.

గది చివర మరకల బల్ల ఉంది. సబ్బుకు లొంగని మరకలన్నీ అక్కడికే వస్తాయి. ఆ బల్ల దగ్గర కూర్చునే ఆవిడ తెల్లచొక్కాను కన్న తల్లి. పనివాళ్ళందరికీ పెద్దమ్మ. కోడలిగా వచ్చిన నాటినుంచీ అదే కుర్చీ, అవే సీసాలు, అవే బ్రష్షులు. ఆవిడ ఎడమ చెంప వాచి ఉంది. వాపు మీద వేళ్ళు అచ్చుగుద్దినట్టు కనిపిస్తున్నాయి.

హారన్ మోచెయ్యి సడలింది.

"మీరా? మీరు కాల్చారా అత్తా?"

"కాల్చలేదు నాయనా. కడిగాను."

జరిగింది ఇదీ. కరెంటు ఎక్కడ పడాలో మిషనుకు తెలియడానికి ఆసుపత్రివాళ్ళు గువ్వ పొత్తికడుపు మీదా, రెండు తుంట్ల మీదా ఊదా సిరాతో గీతలు గీశారు. వైద్యం పూర్తయ్యేదాకా వాటిని తడపకూడదన్నారు, రుద్దకూడదన్నారు. ఆ మాట గువ్వకు తెలుసు, మొగుడికి తెలుసు. పెద్దమ్మకు చెప్పినవాడు లేడు. తల్లి ముందు గర్భసంచి అనే మాట అనడానికి నోరు రాక తెల్లచొక్కా "కడుపులో పుండమ్మా" అని ఊరుకున్నాడు. ఏ సందున పుట్టాడో ఆ చోటు పేరెత్తడానికి సిగ్గుపడే కొడుకులు లోకంలో కొల్లలు.

ఇవాళ పొద్దున గువ్వకు విరేచనాలై నిలబడే ఓపిక లేకపోయింది. జ్వరం కూడా ఉంది. ఒళ్ళు కడుగుదామని పెద్దమ్మ పూనుకుంది. బట్ట తీసేసరికి సిరా కనిపించింది. పెద్దమ్మకు మరక కనబడితే పిల్లికి ఎలుక కనబడ్డట్టే. సబ్బు పెట్టింది, పోలేదు. బల్ల దగ్గరకు వెళ్ళి మొండి సిరాకు వాడే మందు సీసా తెచ్చింది. కరెంటుకు అప్పటికే కమిలిన చర్మం మందుతోపాటే ఊడొచ్చింది. మగతలో ఉన్న గువ్వ పెట్టిన కేకకు తెల్లచొక్కా పరిగెత్తుకొచ్చి, చూసి, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి తల్లిని కొట్టాడు.

"పిచ్చిగీతలు గీసి పంపారేమో అనుకున్నా," అంది పెద్దమ్మ. "అంత చక్కటి పిల్ల ఒంటి మీద ఆ సిరా ఏంటని... మచ్చ పడిపోతుందని..."

"నిన్నెవరు కడగమన్నారు?" తెల్లచొక్కా బల్ల దిగి నిలబడలేక నిలబడ్డాడు. "నిన్నెవరు ముట్టుకోమన్నారసలు?"

"నాకెవరు చెప్పారురా? కడుపులో పుండన్నావు. పుండుకు గీతలెందుకని నేను ఎవర్ని అడగాలి?"

హారన్‌కు కోపం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ముసలావిడను కొట్టలేడు, బావను కొట్టడానికి ఇక కారణం లేదు. మరకల బల్లను ఒక్క తన్ను తన్నాడు. సీసాలన్నీ నేల మీద భళ్ళుమన్నాయి. ఘాటుకు అందరికీ కళ్ళు మండి నీళ్ళు కారాయి. ఎవరివి ఏడుపు కన్నీళ్ళో, ఎవరివి మందువో ఆ గదిలో తేల్చడం కష్టం.

"అయిందా?" అంది గువ్వ. "అయితే వ్యాను తియ్యండి. ఇవాళ కరెంటు పెట్టించుకోవాలి. ఆగితే చస్తానని ఆ డాక్టరమ్మ మొదటిరోజే చెప్పింది. నా చావు మీద మీరు తర్వాత తన్నుకోవచ్చు."

*

లాండ్రీ వ్యానులో నలుగురూ ఎక్కారు. ఇస్త్రీ చేసి తగిలించిన ఎవరివో కోట్లు మలుపు మలుపుకూ వచ్చి మొహాలకు కొట్టుకుంటున్నాయి. తెల్లచొక్కా నడుపుతున్నాడు. హారన్ పక్కన కూర్చుని "బ్రేకు మెల్లగా" అని ఒక్కసారి అన్నాడు. దారంతా ఇంకో మాట లేదు.

డాక్టరమ్మ పొట్ట మీది గుడ్డ తీసి చూసింది. కాసేపు కళ్ళు మూసుకుంది. తెరిచాక ఆమెకు వచ్చిన కోపం ముందు హారన్ కోపం అగ్గిపుల్లపాటి కూడా కాదు.

"ఎవరు చేశారిది?"

"నేనేనమ్మా," అంది పెద్దమ్మ తలుపు దగ్గరనుంచి.

"మిషను గుడ్డిదమ్మా! ఆ గీతలే దానికి కళ్ళు. గీతలు మళ్ళీ గీస్తాం, మళ్ళీ స్కాను తీసి గీస్తాం. ఈ పచ్చిపుండు మీద కరెంటు ఎలా పెట్టను? ముందు ఇది ఆరాలి."

"ఎన్నాళ్ళు పడుతుంది?" అన్నాడు తెల్లచొక్కా.

"వారం. ఎక్కువే పట్టొచ్చు. పోయిన వారం రెండ్రోజులు మీరు రానే లేదు. ఇప్పుడిది. క్యాన్సరు మీ కోసం సెలవు తీసుకుంటుందా?"

హారన్ తల తిప్పి చూశాడు. "పోయిన వారం రాలేదా? ఎందుకు రాలేదక్కా?"

గువ్వ కప్పు వైపు చూస్తూ పడుకుంది.

"నిన్నే అడుగుతున్నా. ఎందుకు రాలేదు?"

"హోటలు దుప్పట్లొచ్చాయి. పనివాళ్ళు ఇద్దరు మానేశారు. మడతలు పెట్టాను."

కుర్చీ వెనక్కి పడ్డ చప్పుడైంది. హారన్ బావ జుట్టు పట్టుకుని గోడకేసి కొట్టాడు. గోడ మీది పటం కిందపడి అద్దం పగిలింది. ఇంకోసారి కొట్టేలోపు డాక్టరమ్మ ఇనప ట్రే తీసి బల్ల మీద దభీమని కొట్టింది.

"కూర్చో! ఇది మీ బస్టాండు కాదు!"

హారన్ కూర్చున్నాడు. తెల్లచొక్కా నుదుటినుంచి నెత్తురు కారుతోంటే తుడుచుకోలేదు. "రెండ్రోజులే కదా అనుకున్నాను," అన్నాడు మెల్లగా. అది ఎవరికి చెప్పాడో తెలియదు.

"డాక్టరమ్మా," అంది గువ్వ. "నేను ఎంతకాలం బతుకుతాను?"

"ఇప్పుడా మాటెందుకు?"

"ఇప్పుడే కావాలి. వీళ్ళ ముందే కావాలి. దాచకండి."

డాక్టరమ్మ ట్రే పక్కన పెట్టి మంచం దగ్గరకు వచ్చింది. "ఒక్క మాటలో తేలేది కాదమ్మా. ఇదే జబ్బుతో ఇరవయ్యేళ్ళు బతికినవాళ్ళున్నారు, రెండేళ్ళు దాటనివాళ్ళూ ఉన్నారు. ఎంత తొందరగా పట్టుకున్నామన్నదే పెద్ద తేడా. ముఖద్వారం దగ్గరే ఉన్నప్పుడు వస్తే పదిమందిలో తొమ్మిదిమంది ఐదేళ్ళు దాటేస్తారు. నువ్వొచ్చేసరికి అది పక్కలకు పాకింది. లోపలి లింఫు గ్రంథుల్లో ఒకదానికి కూడా తగిలింది. ఈ స్థితిలో వచ్చినవాళ్ళలో సగం మంది దాటితే గొప్ప."

సగం అన్న మాట విని పెద్దమ్మ తలుపు పట్టుకుంది.

"ముందే వచ్చి ఉంటే తొమ్మిది," అంది గువ్వ. "ఇప్పుడు సగం."

"ఆ సగంలోనైనా ఉండాలంటే ఒంట్లో రక్తం ఉండాలి. రక్తం తక్కువైతే కరెంటు సరిగ్గా పనిచెయ్యదు. నీ ఒంట్లో ఉన్నది చాలదు, ఎక్కించాలి. అన్నిటికన్నా, మొదలుపెట్టిన వైద్యం మధ్యలో ఆగకూడదు. ఎనిమిది వారాల్లోపు అంతా అయిపోవాలి. మిగతావన్నీ జరిగిపోయాయమ్మా, వాటిని మార్చలేం. ఇదొక్కటే మన చేతిలో ఉంది. దీన్ని కూడా మీరు..." ఆమె మాట మింగేసింది. "రక్తం పోవడం మొదలై ఎన్నాళ్ళయింది?"

"ఏడాది దాటింది."

"ఏడాది ఏం చేశావు?"

"మొదట్లో వయసుకు మామూలేననుకున్నా. తర్వాత భయమేసింది. ఎవరికీ చెప్పలేదు. మా తమ్ముడికి మాత్రం చెప్పా, వాడొక పొడి తెచ్చిచ్చాడు."

"ఏం పొడి?"

హారన్ మొదటిసారి ఎవరికీ వినబడనట్టు మాట్లాడాడు. "బస్సులో ఒకాయన చెప్పాడండీ. వాళ్ళావిడకు తగ్గిందన్నాడు. ప్రతివారం ఆ ఊరెళ్ళి తెచ్చేవాణ్ణి."

"ఎన్నాళ్ళు తిన్నావమ్మా?"

"మూడు నెలలు."

ఇప్పుడు లేవడం తెల్లచొక్కా వంతైంది. నుదుటి నెత్తురు కంట్లోకి దిగుతున్నా లేచాడు. "నన్ను గోడకేసి కొట్టావు కదరా! నావల్ల పోయింది రెండ్రోజులు. నువ్వు మూడు నెలలు పొడి పెట్టి చంపావు! ఎవడో దారినపోయే దానయ్య చెబితే నా పెళ్ళానికి మట్టి తినిపిస్తావా?"

"నీ పెళ్ళానికి ఏడాది రక్తం పోతోంటే నువ్వేం చేస్తున్నావు బావా? ఒకే మంచం మీద పడుకుంటారు కదా, కళ్ళు పోయాయా?"

"నాకు చెప్పలేదు! నన్ను దగ్గరకు రానిచ్చేది కాదు. మోజు తీరిపోయిందేమో అనుకున్నా!"

"అడిగావా?" అంది గువ్వ.

తెల్లచొక్కా కంట్లోకి దిగిన నెత్తురు తుడుచుకున్నాడు.

"ఎందుకు రానివ్వట్లేదని ఒక్కరోజైనా అడిగావా? అలిగావు. ఏడాదిపాటు గోడ వైపు తిరిగి పడుకున్నావు."

డాక్టరమ్మ అందరి వైపూ చూసింది. "మీది లాండ్రీ అంటున్నారు. ఊరందరి బట్టలూ మీ చేతుల మీదుగా పోతాయి. ఇంటి ఆడమనిషి బట్టల మీద ఏడాదిపాటు రక్తం ఉంటే ఒక్కరికీ కనపడలేదా?"

"ఒట్టు డాక్టరుగారూ," అన్నాడు తెల్లచొక్కా. "ఒక్క మరక కూడా నా కంట పడలేదు. పడితే వదిలేవాణ్ణా?"

"అందరి బట్టల్లోనే కలిపి మిషన్లో వేసేదాన్ని," అంది గువ్వ. "శుభ్రంగానే వచ్చేవి."

పెద్దమ్మ తన రెండు చేతులూ చూసుకుంటోంది. ఎవరూ ఆవిణ్ణి చూడటం లేదు.

*

పుండుకు కట్టు కట్టి వసారాలోకి పంపి, వార్డులో చేరమన్నారు. రక్తం ఎక్కిస్తారు, చర్మం ఆరిన మరుక్షణం మళ్ళీ గీతలు గీసి కరెంటు మొదలుపెడతారు. తోడుగా ఒక ఆడమనిషి ఉండాలి. అంతే సంగతి. కానీ అంతటితో ఆగితే మగవాళ్ళెలా అవుతారు?

"వార్డెందుకు? ఇంటికి తీసుకెళ్తాను. పైగదిలో పడుకోబెట్టి నేనే చూసుకుంటా," అని తెల్లచొక్కా గువ్వ కుడిచెయ్యి పట్టుకున్నాడు.

"ఇంకా నీ ఇంటికా? తోలొలిచారు, దుప్పట్లు మడతపెట్టించారు, ఇంకేం మిగిలిందని? అక్క మా ఇంటికొస్తుంది," అని హారన్ ఎడమచెయ్యి పట్టుకున్నాడు.

"మీ ఊళ్ళో కరెంటు మిషను ఉందా?"

"రోజూ నా బస్సులో తెస్తాను!"

"నాలుగు గంటల ప్రయాణం! ఈ పుండుతోనా? దారిలోనే చంపుతావా?"

"నువ్వు ఇంట్లో చంపుతున్నావుగా!"

ఒకడు ఇటు లాగాడు, ఒకడు అటు లాగాడు. ఇద్దరికీ ఆమె మీద ప్రాణమే, ఆ సంగతిలో అబద్ధం లేదు. ఆ ప్రాణంతోనే ఆమె ప్రాణం తీస్తున్నారు. కట్టు కింద పుండు చిరిగి గువ్వ మోకాళ్ళ మీద పడింది. వసారాలో బెంచీల మీదున్న రోగులు లేచి నిలబడ్డారు. అయినా ఇద్దరూ చేతులు వదల్లేదు.

గువ్వ తమ్ముడి చెయ్యి కొరికింది. ఊరికే కాదు, నెత్తురొచ్చేలా కొరికింది. వాడు అబ్బా అని వదిలాడు. తిరిగి మొగుడి మోకాలి కింద కాలితో తన్నింది. అతను గోడకు తూలాడు.

"నేను బతకాలి!" అని అరిచింది. ఆ వసారా అంతా ప్రతిధ్వనించింది. "ఎవరి కోసమో కాదు, నాకోసం నాకు బతకాలనుంది! వార్డులో ఉంటాను. మీ ఇద్దరిలో ఎవడు నా చెయ్యి పట్టుకున్నా ఈసారి వేళ్ళు తెగ్గొరుకుతాను."

నర్సు చక్రాల కుర్చీ తెచ్చింది. గువ్వను ఎత్తి కూర్చోబెట్టింది. "తోడెవరమ్మా?"

"మా అత్తగారు."

ఇద్దరు మగవాళ్ళూ ఒకేసారి "ఆవిడా?" అన్నారు. వాళ్ళు ఏకమైన మాట ఆ రోజంతటికీ అదొక్కటే.

"ఆవిడే. నా ఒంటి మీద ఏ గీత ఎక్కడుందో నాక్కూడా తెలీదు. ఆవిడకు తెలుసు, ఒక్కోటీ చేత్తో చెరిపింది. ఇంకోసారి ఎవర్నీ ముట్టుకోనివ్వదు. రండత్తయ్యా."

పెద్దమ్మ కదల్లేదు.

"రండి."

"నేను రానమ్మాయ్. నన్ను పెట్టుకోకు."

"పొద్దున జరిగిందానికేనా? తెలీక చేశారు. నేనేమీ అనలేదు కదా."

"పొద్దునది తెలీక చేశా," అంది పెద్దమ్మ. "ఏడాదిగా చేసింది తెలిసే చేశా."

గువ్వ కుర్చీలోంచి తలెత్తి ఆవిడ వైపు చూసింది.

"మిషన్లో పోతుందా తల్లీ రక్తం? వేడినీళ్ళు తగిలితే ఉడికి బట్టకు పట్టేస్తుంది. నువ్వు వేసి వెళ్ళగానే నేను తీసేదాన్ని. చన్నీళ్ళలో నానేసి, ఉప్పు పెట్టి రుద్ది, మరక పోయాక మళ్ళీ మిషన్లో పడేసేదాన్ని. మొదట్లో నెలకోసారి. తర్వాత వారానికి. తర్వాత రోజూ. నీసు వాసనొచ్చేది. అది మంచి రక్తం కాదని నాకు తెలుసు."

"తెలిసి..." అంది గువ్వ.

"నువ్వు దాచుకుంటున్నావు కదా అనుకున్నా. వీడి కంటపడితే అసహ్యించుకుంటాడేమో, పనివాళ్ళు చూస్తే నవ్వుతారేమో అని. నీ పరువు కాపాడుతున్నాననే అనుకున్నానమ్మా. ఆ డాక్టరమ్మ ఇప్పుడు చెప్పింది కదా. ముందే వస్తే తొమ్మిదిమంది అని."

తెల్లచొక్కా ముందుకు దూకాడు. తల్లి మీదికి రెండోసారి చెయ్యి లేచింది. పెద్దమ్మ తప్పుకోలేదు, చెంప అటు తిప్పి నిలబడింది.

"నువ్వు కొట్టకు," అంది గువ్వ. చక్రాల కుర్చీ చేతుల మీద బరువానించి లేచింది. "నువ్వు పొద్దున కొట్టావు. ఈ దెబ్బ నాది."

కొట్టింది. ఆ ఇంటికొచ్చినప్పటినుంచీ ఎదురుమాట ఎరగని కోడలు, నిలబడే ఓపిక లేని కోడలు, అత్తగారిని చెంప మీద చాచి కొట్టింది. పెద్దమ్మ తల గోడకు తగిలింది. నర్సు "అయ్యో" అంటూ గువ్వను పట్టుకుంది.

"తోడెవరో ముందు తేల్చండమ్మా," అంది నర్సు. "ఈవిణ్ణి పంపేస్తాను."

"చెప్పానుగా," అంది గువ్వ రొప్పుతూ. "ఈవిడే."

"నన్నెందుకే?" అంది పెద్దమ్మ. ఇప్పుడు ఏడుస్తోంది.

"ఇకమీదట చూసింది చూసినట్టు చెప్పడానికి."

*

వార్డులో కిటికీ పక్క మంచం ఇచ్చారు. రక్తం సీసా తగిలించారు. మగవాళ్ళిద్దరినీ మెట్ల కిందకు తరిమేశారు. కిందికెళ్ళాక కూడా వాళ్ళ తిట్లు కాసేపు వినిపించాయి, ఆ తర్వాత సద్దుమణిగాయి.

పెద్దమ్మ స్టూలు మీద కూర్చుంది. చేతులు రెండూ తొడల కింద పెట్టుకుని వాటి మీదే కూర్చుంది. కోడలు కళ్ళు మూసుకుంది. క్షమించానని గువ్వ అనలేదు, క్షమించమని పెద్దమ్మ అడగలేదు. అంత సులువుగా తేలే బాకీ కాదని ఇద్దరికీ తెలుసు.

సాయంత్రం ఎండ మంచం మీదకు వచ్చింది. గువ్వ పెదవులు పాలిపోయి ఉన్నాయి. పైన సీసాలోంచి రక్తం దిగుతోంది కదా, రంగు రావాలి కదా అని పెద్దమ్మ ముందుకు వంగి చూసింది.

దుప్పటి అంచు దగ్గర ఎర్రగా కనిపించింది. అరచెయ్యంత ఉంది. చూస్తుండగానే పెరుగుతోంది.

పెద్దమ్మ చెయ్యి బయటికొచ్చింది. అలవాటు కొద్దీ దుప్పటి అంచు పట్టుకుంది, ఎవరూ చూడకముందే లోపలికి మడిచేద్దామని. పక్క మంచం ఆడవాళ్ళు ఇటే చూస్తున్నారు. వాళ్ళ మగవాళ్ళు కూడా ఉన్నారు.

సగం మడత పడింది. అక్కడ చెయ్యి ఆగింది.

దుప్పటి ఒక్క లాగు లాగి నేల మీద పారేసింది. మంచమంతా నెత్తురు. కోడలి తొడలు, పరుపు, అంతా అందరి కళ్ళ ముందూ పడింది.

"రక్తం!" అని అరిచింది పెద్దమ్మ. జన్మలో అంత గొంతు ఎత్తలేదు. "నర్సమ్మా! డాక్టరమ్మా! రక్తం! నా కోడలికి కిందనుంచి రక్తం పోతోంది! చూడండి, అందరూ చూడండి, రండి!"

మెట్ల కింద కూర్చున్న ఇద్దరికీ ఆ కేక వినబడింది. ఇద్దరూ లేచి పరిగెత్తారు. పైన చెప్పుల చప్పుళ్ళు, తెర లాగిన చప్పుడు, ఎవరో "గుడ్డలు, గుడ్డలు తెండి" అనడం.

"గువ్వా," అంది పెద్దమ్మ కోడలి మొహం రెండు చేతులతో పట్టుకుని. "చెప్పానే. చూసీచూడగానే చెప్పాను. కళ్ళు తెరువు."

గువ్వ కళ్ళు తెరవలేదు.